హార్లెమ్ ఆర్గన్ ముందు అతిథి

ఆమ్‌స్టర్‌డామ్‌కు పడమరగా, రైల్లో ఇరవై నిమిషాల దూరంలో హార్లెమ్ అనే పాత పట్టణం ఉంది. ఊరి నడుమ సంత మైదానం, దాని అంచున సింట్ బావో చర్చి. చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్‌ను 1666లో ఈ చర్చి నేలలోనే సమాధి చేశారు. లోపలికి అడుగుపెట్టి పడమటి గోడ వైపు తలెత్తితే దాదాపు 30 మీటర్ల ఎత్తున, ముదురు రంగు చెక్కతో, బంగారు పూతతో, వరసలు వరసలుగా వెండిలా మెరిసే గొట్టాలతో ఒక కట్టడం కనిపిస్తుంది. గుడి ముందరి గోపురాన్ని చర్చి లోపల నిలబెట్టారా అనిపిస్తుంది. అది వాద్యం. క్రిస్టియాన్ ముల్లర్ అనే జర్మన్ పనివాడు 1735లో మొదలుపెట్టి 1738లో పూర్తి చేసిన ఆర్గన్. 5,000కు పైగా గొట్టాలు, మూడు కీబోర్డులు, కాళ్ళతో వాయించే పెడళ్ళ వరస ఒకటి. దాని పేరు ఎంత దూరం పాకిందంటే, అమెరికన్ నవలాకారుడు మెల్విల్ తన 'మోబీ డిక్'లో తిమింగలం నోటిని వర్ణించవలసివచ్చినప్పుడు హార్లెమ్ ఆర్గన్ గొట్టాలతో పోల్చాడు.

ఇంత ఖర్చు పెట్టింది చర్చి కాదు, పట్టణం. దాని వెనక ఒక చిత్రమైన చరిత్ర ఉంది. 1578లో ఈ చర్చి ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చింది. కాల్విన్ మార్గంలోని వాళ్ళు ఆరాధన మధ్యలో వాద్యం మోగడానికి ఒప్పుకోలేదు. అలాగని ఉన్న ఆర్గన్లను పడగొట్టనూ లేదు, ఎందుకంటే డచ్ పట్టణాల్లో అవి పురపాలకుల సొత్తు. ఆరాధనకు ముందూ తర్వాతా, సాయంకాలాల్లోనూ, పట్టణం జీతమిచ్చి పెట్టుకున్న విద్వాంసుడు జనం వినడం కోసం వాయించేవాడు. ఆరాధనలో ఆర్గన్ వాడవచ్చా కూడదా అన్న వాదం ఎంత ముదిరిందంటే, కవీ దౌత్యవేత్తా అయిన కాన్‌స్టాంటైన్ హైగెన్స్ 1641లో దాని మీద ఒక పుస్తకమే రాశాడు. కాలక్రమంలో కీర్తనలకు ఆర్గన్ తోడు అక్కడా అలవాటయింది. ఏమైనా పూజలో మొదట చోటు దొరకని వాద్యానికి కచేరీలో చోటు దొరికింది. ఊరి ఆర్గన్‌ను పరాయి ఊళ్ళ విద్వాంసులు చూడడానికి రావడం, వచ్చినవాళ్ళను ఒకసారి కూర్చోమని అడగడం, కూర్చున్నవాళ్ళు రాసిన సంగీతం లేకుండా ఆశువుగా వాయించడం, ఇదంతా ఆ వాతావరణంలో పెరిగిన మర్యాద.

అలా వచ్చిన అతిథి ఎదుట ఉన్నదేమిటో తెలిస్తే గాని అతని కష్టం తెలియదు. తెలుగు నేల మీద భజన మందిరాల్లోనూ నాటకాల్లోనూ మోగే హార్మోనియం ఈ కుటుంబంలోని చిన్న సభ్యురాలే. తిత్తి గాలి పడుతుంది, మెట్టు నొక్కితే ఆ గాలికి దారి తెరుచుకుంటుంది, స్వరం పలుకుతుంది. పెద్ద ఆర్గన్‌లో సూత్రం ఇదే, కొలతలు వేరు. పెద్ద పెద్ద తిత్తులు గాలిని పీడనంతో గాలిపెట్టెల్లోకి పంపుతాయి. పూర్వం మనుషులు తొక్కి ఆ తిత్తులు నింపేవాళ్ళు, ఇప్పుడు విద్యుత్ మోటారు నింపుతుంది. గాలిపెట్టెల మీద గొట్టాలు నిలబడి ఉంటాయి. ఎక్కువ భాగం పిల్లనగ్రోవి తరహావి, గాలి పెదవి అంచును కోసుకుంటూ పోతే పలికేవి. కొన్ని మాత్రం నాలుక గొట్టాలు. వాటి అడుగున ఇత్తడి నాలుక కొట్టుకుంటుంది, హార్మోనియం రీడు లాగే. బాకా గొంతు, సన్నాయికి దగ్గరైన గొంతు ఈ రెండో రకం నుంచి వస్తాయి.

ఒకే గొంతున్న గొట్టాల వరసను స్టాప్ అంటారు. దాని గుబ్బను బయటికి లాగితే ఆ వరస పలకడానికి సిద్ధమవుతుంది, లోపలికి తోస్తే మూగబోతుంది. హార్లెమ్ ఆర్గన్‌లో ఇలాంటివి అరవైకి పైగా ఉన్నాయి. వాటి పేర్ల పక్కన అడుగుల్లో ఒక అంకె ఉంటుంది. ఎనిమిది అడుగుల స్టాప్ నొక్కిన మెట్టు స్వరాన్నే పలుకుతుంది. నాలుగు అడుగులది ఒక స్థాయి పైన, పదహారు అడుగులది ఒక స్థాయి కింద. పెడల్‌లో 32 అడుగుల స్టాప్ కూడా ఉంది, అంటే దాదాపు పది మీటర్ల గొట్టం. దాని అట్టడుగు స్వరం సెకనుకు పదహారు కంపనాల దగ్గర ఉంటుంది. అది చెవికి అందే హద్దు. అక్కడ స్వరం వినపడడం కంటే బల్ల మీద, ఛాతీలో తెలియడం ఎక్కువ. వోక్స్ హుమానా అనే స్టాప్ పేరుకు అర్థం మనిషి గొంతు. 1772లో ఇక్కడికి వచ్చిన ఇంగ్లిష్ సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ దాని నాదం బాగుందని ఒప్పుకుంటూనే మనిషి గొంతుకూ దానికీ పోలిక లేదని తేల్చేశాడు. పేరు పెట్టినవాళ్ళు కాస్త ఉదారులు.

ఇలాంటి వాద్యం దగ్గరికి వచ్చిన అతిథికి మొదటి ఇబ్బంది, తన వాద్యాన్ని వెంట తెచ్చుకోలేకపోవడం. వీణ విద్వాంసుడు తన వీణతో ఊరూరా తిరుగుతాడు. ఆర్గన్ వాయించేవాడు ప్రతి ఊళ్ళోనూ కొత్త జంతువును మచ్చిక చేసుకోవాలి. ఏ రెండు పాత ఆర్గన్లూ ఒకేలా ఉండవు. స్టాపుల పేర్లు ఒకటే అయినా గొంతులు వేరు. ప్రిన్సిపల్ అనే స్టాప్ ఒక చోట మెత్తగా ఉంటే ఇంకో చోట గరుకుగా ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు వేళ్ళ చాతుర్యం చూపించే ముందు ఒక్కో స్టాపునూ ఒంటరిగా లాగి, నెమ్మదిగా నాలుగు స్వరాలు వాయించి వింటారు. జర్మన్ స్వరకర్త జె. ఎస్. బాఖ్ పద్ధతి ఇంకా మొరటు. కొత్త ఆర్గన్‌ను పరీక్షించడానికి పిలిస్తే ముందుగా స్టాపులన్నీ ఒక్కసారే లాగి, వీలైనన్ని స్వరాలు కలిపి నొక్కేవాడని అతని కొడుకు చెప్పాడు. ఈ వాద్యానికి ఊపిరితిత్తులు బాగున్నాయో లేదో తెలియాలి కదా అని పరిహాసంగా అనేవాడట. చూస్తున్న నిర్మాత ముఖం పాలిపోయేదట కూడా.

పరిహాసం అయినా అందులో పనికొచ్చే విషయం ఉంది. పాత ఆర్గన్లలో గాలి స్థిరంగా ఉండదు. పెద్ద స్వరగుచ్ఛం నొక్కితే ఒక్క క్షణం పీడనం తగ్గి శ్రుతి వణుకుతుంది. దాన్ని లోపమనేవాళ్ళున్నారు, ప్రాణమనేవాళ్ళున్నారు. ఏదనుకున్నా అతిథి దాన్ని పట్టించుకోక తప్పదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య చేతులెత్తి వాద్యాన్ని ఊపిరి తీసుకోనివ్వాలి. వాతావరణమూ చూసుకోవాలి. ఎండ పెరిగితే పిల్లనగ్రోవి తరహా గొట్టాల శ్రుతి పైకి జరుగుతుంది, నాలుక గొట్టాలది అంతగా జరగదు. ఉదయం కలిసి పలికిన రెండు గొంతులు మధ్యాహ్నానికి విడిపోవచ్చు.

మెట్లు కూడా కొత్తగానే ఉంటాయి. ముల్లర్ కట్టిన ఆర్గన్‌లో మెట్టుకూ గొట్టం కింది మూతకూ మధ్య విద్యుత్తు లేదు. సన్నని కర్ర బద్దీలూ తిరుగుడు కడ్డీలూ చాలా ఎత్తు దాకా పోయి ఆ మూతను లాగుతాయి. వేలు నొక్కే తీరు మూత దాకా చేరుతుంది కాబట్టి స్వరం ఎలా మొదలవ్వాలో, ఎలా ముగియాలో వేలే నిర్ణయిస్తుంది. దానికి ధర బరువు. ఒక కీబోర్డును ఇంకోదానితో జోడిస్తే ఒకే వేలు రెండు వరసల మూతల్ని లాగాలి. విద్యుత్ మీటలున్న ఆధునిక ఆర్గన్ మీద పెరిగిన చేతులు పావుగంటలో అలసిపోతాయి. మెట్ల సంఖ్య తక్కువ కావడం మరో చిక్కు. ఆధునిక ఆర్గన్‌కు సాధారణంగా 56 లేదా 61 మెట్లుంటే, పద్దెనిమిదో శతాబ్దపు ఆర్గన్లు చాలావరకు అంతకు ముందే ఆగిపోతాయి. రాసిన సంగీతం వాయించేవాడు ఈ సంగతి ముందే చూసుకుంటాడు. ఆశువుగా వాయించేవాడి చేయి మాత్రం ఊపులో పైకి పాకి, అక్కడ మెట్టు లేక చెక్కను తాకుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు వినికిడి. ఆర్గన్ నిజానికి ఒక వాద్యం కాదు, ఒకే గూటిలో ఉన్న కొన్ని వాద్యాలు. హార్లెమ్‌లో హోఫ్ట్‌వెర్క్ అనే ప్రధాన భాగం, దాని పైన బోవెన్‌వెర్క్, పెడల్ గొట్టాలు వేరుగా. రుఖ్‌వెర్క్ అనే చిన్న భాగం వాయించేవాడి వీపు వెనక, అతను కూర్చునే మేడ పిట్టగోడ అంచున, చర్చి లోపలికి ముఖం పెట్టి ఉంటుంది. వాయించేవాడు ఆర్గన్ వైపు తిరిగి, జనానికి వీపు పెట్టి కూర్చుంటాడు. అతనికి రుఖ్‌వెర్క్ వెనక నుంచీ, తక్కినవి తల మీద నుంచీ వినిపిస్తాయి. కింద కూర్చున్నవాళ్ళకు ఆ పాళ్ళు తారుమారవుతాయి. మేడ మీద సన్నగా తోచిన రాగం కింద ముందుకు దూకుతుంది. అందుకే స్థానిక విద్వాంసుడి సలహా అతిథికి ఏ పుస్తకం కంటే విలువైనది. అతను కింద నిలబడి వింటాడు, ఫలానా స్టాపు ఇక్కడ మింగేస్తుందని చెబుతాడు.

ఆపైన చర్చి. రాతి గోడలు, ఎత్తైన కప్పు, స్వరం ఆగిన తర్వాత కూడా కొన్ని సెకన్ల పాటు తిరుగుతూనే ఉండే ప్రతిధ్వని. ఇక్కడ వేగంగా రాగచ్ఛాయలు మారిస్తే పాతది పోకముందే కొత్తది వచ్చి పడి అంతా గందరగోళమవుతుంది. స్వరాలను కాస్త విడదీసి వాయించాలి, మలుపుల దగ్గర నిదానించాలి. నిశ్శబ్దాన్ని కూడా లయలో లెక్కవేయాలి. ఖాళీ చర్చిలో సాధన చేసి కుదుర్చుకున్న వేగం సాయంత్రానికి సరిపోకపోవచ్చు. నిండిన జనం, వాళ్ళ ఉన్ని కోట్లు నాదాన్ని పీల్చుకుంటాయి. ఇక్కడ ఆశువుగా వాయించేవాడికి రాసిన సంగీతం వాయించేవాడి కంటే ఒక వెసులుబాటు ఉంది. కాగితం మీది వేగం భవనానికి నప్పకపోతే రెండోవాడు రాజీ పడాలి. మొదటివాడు భవనం అడిగిన సంగీతాన్నే అల్లవచ్చు. తిరుగుతున్న స్వరం మీదే తరవాతి స్వరాన్ని నిలబెట్టవచ్చు. అంత పెద్ద పాత ఆర్గన్ ముందు ఆశువు ఒక విలాసం కాదు, ఆ వాద్యానికి అన్నిటికంటే సహజంగా సరిపోయే పద్ధతి అనడానికి కారణం ఇదే.

ఆశువు అంటే ఏదో తోచినట్టు వాయించడం కాదు. తెలుగువాళ్ళకు అవధానం తెలుసు కాబట్టి ఈ మాట విడమరచి చెప్పే పని తక్కువ. పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, అవధాని అప్పటికప్పుడు పూరిస్తాడు, కాని ఛందస్సు తప్పడు. ఆర్గన్ దగ్గర సమస్య అంటే ఒక చిన్న స్వరవాక్యం. అది ఒక కీర్తనలోని మొదటి వరస కావచ్చు, ఎవరో కాగితం మీద రాసిచ్చిన ఏడెనిమిది స్వరాలు కావచ్చు. ఛందస్సు అంటే ఫ్యూగ్, వేరియేషన్ లాంటి రూపాలు. ఒక తేడా ఉంది. సమస్యాపూరణంలో ఇచ్చిన పాదం సాధారణంగా చివర వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ ఇచ్చిన వాక్యం మొదటే వినిపించి, మారువేషాల్లో మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది.

ఫ్యూగ్‌లో అది ముందు ఒక్క గొంతులో ఒంటరిగా వస్తుంది. అది ముగిసీ ముగియగానే రెండో గొంతు అదే వాక్యాన్ని పంచమం ఎత్తున అందుకుంటుంది. మొదటి గొంతు ఆగదు, దానికి నప్పే వేరే మాట చెబుతూ పోతుంది. అలా మూడోది, నాలుగోది. నాలుగో గొంతు తరచుగా కాళ్ళది. నలుగురు ఒకే మాటను వేరు వేరు వేళల్లో మొదలుపెట్టి, ఎవరి మాటా ఎవరికీ అడ్డం రాకుండా చూసుకున్నట్టు. నలుగురి బదులూ ఒక్కడే ఆలోచించాలి. వాక్యం చేతికి అందిన వెంటనే విద్వాంసుడు దాన్ని తిప్పి చూస్తాడు. తలకిందులు చేస్తే నిలుస్తుందా? రెట్టింపు నిడివికి సాగదీసి పెడల్‌లో పెడితే పైన ఏం నడపవచ్చు? తోక భాగం ఒక్కటే తుంచి మెట్లు మెట్లుగా ఎక్కించవచ్చా? మొదటి గొంతు పూర్తికాక ముందే రెండోది దూరడానికి సందు ఉందా? ఈ పరీక్షలు తట్టుకోని వాక్యం ఎంత అందంగా ఉన్నా ఫ్యూగ్‌కు పనికిరాదు, దానికి వాక్యాన్ని రకరకాలుగా మార్చుతూ పోయే వేరియేషన్ల దారి పట్టాలి.

స్టాపుల ఎంపిక కూడా రచనలో భాగమే. పాత ఆర్గన్‌లో మీట నొక్కితే గొంతులన్నీ మారిపోయే ఏర్పాటు లేదు. గుబ్బలు కుర్చీకి అటూ ఇటూ ఉంటాయి, చేతులు మెట్ల మీద ఉంటాయి. అందుకని పక్కన సహాయకులు నిలబడి సైగ చూసి లాగుతారు. రాసిన సంగీతమైతే ఎక్కడ ఏది లాగాలో గుర్తులు పెట్టుకుంటారు. ఆశువుకు గుర్తులెక్కడివి? తలూపడం, ఒక చేయి ఖాళీ అయిన క్షణంలో వేలు చూపించడం, ముందే అనుకున్న రెండు మూడు కలయికలు. అతిథికి సహాయకుడు కూడా కొత్తవాడే. సైగ అర్థం కాక మెత్తని వేణువు బదులు బాకా తెరుచుకుంటే, మంచి విద్వాంసుడు దాన్ని ముందే అనుకున్నట్టు నడిపిస్తాడు.

అతిథి ఆశువుకు సంగీత చరిత్రలో అందరూ చెప్పే సందర్భం హార్లెమ్‌ది కాదు, జర్మనీలోని హాంబుర్గ్‌ది. 1720లో బాఖ్ అక్కడి సెయింట్ కాథరీన్ చర్చిలో నగర పెద్దల ముందు రెండు గంటలకు పైగా వాయించాడు. వింటున్నవాళ్ళలో ఆ చర్చి విద్వాంసుడు యోహాన్ ఆడమ్ రైన్‌కెన్ ఉన్నాడు, బాగా వృద్ధుడు. అక్కడివాళ్ళు కోరితే బాఖ్, బాబిలోను నదుల తీరాన కూర్చుని ఏడ్చిన కీర్తనను ఎత్తుకుని దాదాపు అరగంట సేపు రకరకాలుగా విస్తరించాడు. ఆ కీర్తన మీద సుదీర్ఘమైన రచన చేసి పేరు తెచ్చుకున్నవాడు రైన్‌కెనే. అంటే అతిథి ఇంటివాడి ఆర్గన్ మీద ఇంటివాడి కీర్తనే అందుకున్నాడు. పొగరుగా తోచవలసిన పని, మర్యాదగా ముగిసింది. ఈ విద్య చచ్చిపోయిందనుకున్నాను, నీలో బతికే ఉంది అని ముసలాయన మెచ్చుకున్నాడు. ఆ ఆర్గన్ 1943 బాంబు దాడుల్లో నాశనమైంది. మిగిలిన పాత గొట్టాలను కలుపుకుని ఫ్లెన్‌ట్రాప్ అనే డచ్ సంస్థ పునర్నిర్మించినది 2013 నుంచి మోగుతోంది.

హార్లెమ్ అతిథుల్లో స్వరకర్త హాండెల్ ఉన్నాడు. 1740లో ఒకసారి వచ్చాడు, 1750లో మరోసారి. రెండోసారి హేగ్‌కూ హార్లెమ్‌కూ మధ్య బండి తిరగబడి గట్టి దెబ్బలు తగిలాయని, ప్రాణాపాయం తప్పిందని లండన్ పత్రిక రాసింది. అప్పటికి అతనికి అరవై అయిదేళ్ళు. ఆ ప్రయాణంలోనే ఈ మెట్ల ముందు కూర్చున్నాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఆతిథ్యం పోటీ రూపం తీసుకుంది. 1951లో హార్లెమ్‌లో అంతర్జాతీయ ఆర్గన్ ఆశువాదన పోటీ మొదలైంది. ముందుగా తెలియని స్వరవాక్యం చేతికి వస్తుంది, ఆలోచించుకోవడానికి కొద్దిపాటి వ్యవధి ఉంటుంది, తరవాత మేడ ఎక్కాలి. 1952లో వియన్నాకు చెందిన ఆంటాన్ హైలర్ గెలిచాడు. 1953, 54, 55లలో వరసగా డచ్ విద్వాంసుడు పీట్ కే గెలిచాడు, మరుసటి ఏడాదే హార్లెమ్ నగర విద్వాంసుడయ్యాడు. అతిథి ఇంటివాడైపోయాడన్నమాట. 1955లో వేసవి పాఠశాల కూడా పుట్టింది. 1959 నుంచి 1961 దాకా డెన్మార్క్‌కు చెందిన మార్కుసన్ సంస్థ ఆర్గన్‌కు మరమ్మతు చేసింది. అప్పుడు గొట్టాల గొంతు ముల్లర్ నాటిదానికి దగ్గరైందా, దూరమైందా అని ఆర్గన్ తెలిసినవాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఇప్పటి ఆశువులు రికార్డయి నిలుస్తున్నాయి. అంతకు ముందు నిలిచినవి చాలా కొద్ది. ఫ్రెంచి విద్వాంసుడు మార్సెల్ డ్యుప్రే 1921 డిసెంబరులో ఫిలడెల్ఫియాలోని వానమేకర్ ఆర్గన్ మీద క్రీస్తు జీవితం ఇతివృత్తంగా ఆశువుగా వాయించిన సింఫనీని తరవాత కూర్చుని తిరిగి రాశాడు. 'సింఫొనీ పాస్యాఁ' పేరుతో దాన్ని ఇప్పటికీ వాయిస్తారు. తిరిగి రాసినది ఆ సాయంత్రం వినిపించినదేనా అంటే, కాదు అనుకోవడమే సబబు.

1766 ఏప్రిల్‌లో హార్లెమ్‌కు ఇంకో అతిథి వచ్చాడు. పదేళ్ళ మోట్సార్ట్. యూరప్ పర్యటన మొదలై మూడో ఏడాది, కొద్ది నెలల ముందే హేగ్‌లో జ్వరంతో చావుదాకా వెళ్ళి బయటపడ్డాడు. తండ్రి లియొపోల్డ్ రాసిన వయొలిన్ గ్రంథాన్ని డచ్‌లోకి తెచ్చి అచ్చువేసిన హార్లెమ్ ముద్రాపకుడు యొహానెస్ ఎన్‌స్హెడే కొత్త ప్రతిని చేతికిచ్చాడు. వెంట వచ్చిన చర్చి విద్వాంసుడు కుర్రవాణ్ని పెద్ద ఆర్గన్ వాయించమని పిలిచాడు. పెడళ్ళు అతనికి కొత్త కాదు. ఏడేళ్ళ వయసులో వాసర్‌బుర్గ్‌లో వాటి సంగతి మొదటిసారి చెప్పినప్పుడు, స్టూలు పక్కకు నెట్టేసి నిలబడి తొక్కుతూ వాయించాడు. హార్లెమ్‌లో మర్నాడు పొద్దున పది నుంచి పదకొండు దాకా వాయించాడు. లియొపోల్డ్ ఆ సంగతి మే నెలలో సొంత ఊరికి ఉత్తరంలో రాశాడు. ఆర్గన్ అద్భుతమన్నాడు. స్టాపులు 68 అని లెక్క చెప్పాడు, అది కాస్త ఎక్కువే. గొట్టాలన్నీ లోహంతో చేసినవని, ఈ తేమ దేశంలో కర్ర నిలవదని కూడా రాశాడు. కుర్రవాడు ఆ గంటలో ఏం వాయించాడో మాత్రం రాయలేదు.